ఆటలో నేర్చే నీటి లెక్క

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పర్యావరణం గురించి బోధించడంలో ఆటలూ, కొత్త సాంకేతిక సాధనాలూ ఏపాటి ఉపయోగపడతాయో చెప్పమని కార్యదర్శి గారు మమ్మల్ని ఆదేశించారు. ఈ అంశం ఇప్పుడెందుకు వచ్చిందో సభలో చాలామందికి తెలుసు. కువైట్‌లో వుంటున్న మన మొహల్లా సోదరులొకరు మన ఉర్దూ పాఠశాలకు వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళు నాలుగు కొనిస్తామని ముందుకు వచ్చారు. పిల్లలు వాటిని పెట్టుకుని అడవులు, సముద్రాలు, కరిగిపోతున్న మంచుకొండలు కళ్ళారా చూస్తే ప్రకృతి మీద ప్రేమ పెరుగుతుందని వారి సదుద్దేశం. ఇంకోవైపు ఆట అనే మాట వింటేనే మండిపడే తల్లిదండ్రులూ మనలో వున్నారు. "బడికి పంపేది చదువుకోడానికా, ఆడుకోడానికా?" అని మమ్మల్ని బజారులో నిలబెట్టి అడిగినవారున్నారు. ఈ రెండు పక్షాల మాటా తూచి మా అభిప్రాయం చెప్పవలసి వుంది.

ముందు తల్లిదండ్రుల భయం గురించి. అది ఉత్త భయం కాదు. సెల్‌ఫోన్‌లో పైసలు పెట్టి ఆడే ఆటలు ఎన్ని కాపురాలను అప్పులపాలు చేశాయో వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనూ వాటిని నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి. కాని జూదం వేరు, ఆట వేరు. ఆటలో పెట్టి మంచిచెడ్డలు నేర్పడం మన పెద్దలెరిగిన విద్యే. మన పొరుగిళ్ళలో ఆడే వైకుంఠపాళి అటువంటిదే కదా! సూఫీలలో కూడా పాములు, నిచ్చెనలు గల అలాంటి పటమే 'షత్రంజ్-ఉల్-ఆరిఫీన్' అనే పేరుతో వుండేది. కాబట్టి ఆట అనగానే ఉలిక్కిపడవలసిన పని లేదు.

ఇక ఆ కళ్ళజోడు. పేరు కళ్ళజోడే గాని చూడబోతే ముఖానికి కట్టుకునే చిన్న పెట్టె. లోపల ఒక్కో కంటికీ ఒక్కో బొమ్మ, ముందు కటకాలు వుంటాయి. మనం తల ఎటు తిప్పామో పెట్టె కనిపెట్టి ఆ వైపు దృశ్యాన్నే చూపిస్తుంది. దానితో మనం నిజంగానే ఆ చోట నిలబడ్డామని మనసు నమ్మేస్తుంది. కన్ను "కదులుతున్నాను" అంటుంది, లోపలి చెవి "కూర్చునే వున్నాను" అంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరక కొందరికి కళ్ళు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది.

ఈ సాధనం పనికిరాదని మేము అనడం లేదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ అనే ఆచార్యుడు ఇలాంటి వాటి మీద చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు. వారి బృందం 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం వినదగ్గది. కొందరికి చెట్టు నరకడం గురించి కాగితం మీద రాసినది చదవనిచ్చారు. మరికొందరికి పెట్టె కట్టి, చేతికి రంపంలాగా అదిరే పిడి ఇచ్చి, బొమ్మ అడవిలో ఒక చెట్టును వాళ్ళ చేతనే కోయించారు. ఆ తర్వాత బల్ల మీద కావాలనే నీళ్ళు ఒలకబోసి, తుడవడానికి ఎవరు ఎన్ని కాగితపు రుమాళ్ళు వాడతారో లెక్కపెట్టారు. చెట్టు 'కోసిన' వాళ్ళు, చదివిన వాళ్ళకన్నా సుమారు 20 శాతం తక్కువ వాడారు. కాగితం చెట్టునుండి వస్తుందని రెండు జట్లకూ తెలుసు. తేడా అల్లా చేతిలో వుంది. ఒక జట్టు ఆ పని చేసింది, రెండో జట్టు దాని గురించి చదివింది.

ఈ ముక్క మనం పట్టుకోవాలి. చూపించడం ఒకటి, చేయించడం మరొకటి. మా పాఠశాలకు ఒకసారి ఎవరో వచ్చి ఇటువంటి పెట్టెలో సముద్రం చూపించి వెళ్ళారు. తలా ఐదు నిమిషాలు. పిల్లలు సంతోషించారు, కేకలు వేశారు. ఇద్దరికి కళ్ళు తిరిగాయి. మర్నాడు తరగతిలో ఏం చూశారని అడిగితే "తిమింగలం, సర్, యెంత పెద్దదో!" అన్నారు. అంతే. ఆ తిమింగలానికీ తమకూ ఏమిటి సంబంధమో ఏ ఒక్కరూ చెప్పలేదు, చెప్పడానికి వాళ్ళ చేత ఎవరూ ఏమీ చేయించలేదు మరి.

చేయించే ఆటలు కూడా వున్నాయి. 1972లో 'లిమిట్స్ టు గ్రోత్' అనే ప్రసిద్ధ గ్రంథం రాసినవారిలో ఒకరైన డెన్నిస్ మెడోస్, తర్వాతి కాలంలో 'ఫిష్ బ్యాంక్స్' అనే ఆట తయారుచేశారు. ఆడేవాళ్ళు జట్లుగా ఏర్పడి పడవలు కొనుక్కుని ఒకే సముద్రంలో చేపలు పడతారు. ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటే కొన్నేళ్ళలో చేపలే మిగలవు. కంప్యూటర్ ఆటలలోనూ ఇప్పుడు మంచివి వస్తున్నాయి. దక్షిణాఫ్రికా వారు చేసిన 'టెర్రా నిల్' అనే ఆట 2023లో వచ్చింది. తక్కిన ఆటలలో నగరాలు కడితే, దీనిలో బీడు నేలను మళ్ళీ అడవిగా, వాగుగా మార్చి, తెచ్చిన యంత్రాలన్నీ ఎత్తుకుని వెళ్ళిపోవాలి. ఆలోచన బాగుంది.

అయితే మనకు దూరపు ఉదాహరణలు దేనికి? ఇటువంటి ఆట మన ఆంధ్రప్రదేశ్ కరువు పల్లెల్లోనే ఆడించారు. రాతినేలల్లో భూగర్భజలం అడుగంటిపోతున్న గ్రామాలలో, రూత్ మైన్‌జెన్-డిక్, మార్కో జాన్సెన్ మొదలైన పరిశోధకులు స్వచ్ఛంద సంస్థలతో కలిసి 2013 ప్రాంతంలో రైతులను, మగవారిని వేరుగా ఆడవారిని వేరుగా, కూర్చోబెట్టి ఆడించారు. ఒక పంటకు నీళ్ళు తక్కువ, రాబడి తక్కువ. ఇంకో పంటకు నీళ్ళు ఎక్కువ, రాబడి ఎక్కువ. నీళ్ళు మాత్రం అందరికీ ఒక్కటే. ఏ పంట వేస్తావో నువ్వే తేల్చుకో! ఆటలో ఎవరు గెలిచారన్నది కాదు విశేషం. ఆట ముగిశాక ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆట ఆడిన ఊళ్ళలో నీటి రిజిస్టర్లు పెట్టుకోవడం, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం, ఆడని ఊళ్ళకంటే ఎక్కువగా కనిపించిందని 2018లో వాళ్ళు ప్రచురించారు. ఇందులో కంప్యూటరూ లేదు, కరెంటూ అక్కరలేదు.

దీనిని విని మేము మా ఎనిమిదో తరగతికి సరిపడేలా ఒక ఆట కూర్చుకున్నాం. ఇంట్లో కూడా ఆడవచ్చు గనుక వివరంగా చెబుతాం. ఒక పళ్ళెంలో 50 చింతగింజలు. అదే భూగర్భజలం. చుట్టూ ఐదుగురు పిల్లలు. ప్రతి పంటకూ ముందు వాన పడుతుంది, అంటే 5 గింజలు పళ్ళెంలో వేస్తాం. ఆపైన ఒక్కొక్కరూ చీటీ మీద 'కొర్ర' అనో 'వరి' అనో రాసి, ఎవరికీ చూపకుండా బోర్లించాలి. కొర్ర వేస్తే 1 గింజ తీసుకోవాలి, 2 కాగితం రూపాయలు వస్తాయి. వరి వేస్తే 3 గింజలు, 3 రూపాయలు. పది పంటలు ఆడాలి. మధ్యలో గింజలు అయిపోతే బోరు ఎండినట్టు, ఆట ఆగిపోతుంది.

అందరూ కొర్ర వేస్తే పడిన వాన వాడకానికి సరిపోతుంది, పది పంటలకూ తలా 20 రూపాయలు. అందరూ వరి వేస్తే ఐదో పంటతో పళ్ళెం ఖాళీ, తలా 15 రూపాయలతో సరి. కాని ఏ పూటకాపూట చూసుకుంటే వరికే రూపాయి ఎక్కువ. తిరకాసంతా ఇక్కడే వుంది. మా పిల్లలు మొదటిసారి మాట్లాడుకోకుండా ఆడినప్పుడు ఆరో పంటకల్లా పళ్ళెం తుడిచిపెట్టారు. ఒకరినొకరు చూసిన ఆ చూపులు మీరు చూడవలసింది! "నువ్వు వేశావు గనకనే నేను వేశాను" అని ఒకటే గొడవ. బోర్ల దగ్గర మన పెద్దవాళ్ళు పోట్లాడుకునే మాటలే, పొల్లుపోకుండా.

రెండోసారి మాట్లాడుకోనిచ్చాం. ముందు "ఎవరూ వరి వేయొద్దు" అన్నారు. రెండు పంటలు గడిచాయో లేదో ఒకడు చాటుగా వేసేశాడు. మూడోసారి ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, వేళ్ళ మీద లెక్క వేసుకుని "సర్, బారీ బారీగా వేసుకుంటే? ఒక్కో పంటకు ఇద్దరే వరి వేయాలి" అన్నది. మేము నల్లబల్ల మీద వేసి చూశాం. ఇద్దరు వరి, ముగ్గురు కొర్ర అయితే పంటకు 9 గింజలు పోతాయి, వానకు 5 వస్తాయి. పది పంటలు గడిచాక కూడా పళ్ళెంలో 10 గింజలు మిగులుతాయి. ఒక్కొక్కరికీ నాలుగుసార్లు వరి, ఆరుసార్లు కొర్ర, మొత్తం 24 రూపాయలు. అందరూ కొర్ర వేసినప్పటికన్నా ఎక్కువ! ముగ్గురు వేస్తే మాత్రం తొమ్మిదో పంటకు నీళ్ళు చాలవు. ఆ లెక్క పాఠ్యపుస్తకంలో లేదు, మేమూ చెప్పలేదు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన మొదటి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా పరిశోధించింది ఈ విషయాన్నే. ఉమ్మడి ఆస్తిని జనం తమలో తాము కట్టుబాట్లు చేసుకుని కాపాడుకోగలరని. ఆవిడ డాక్టరేటు కోసం తీసుకున్న అంశం కూడా కాలిఫోర్నియాలోని భూగర్భజలమే. అది తెలియకనే మన మొహల్లా పిల్ల ఆ దారికి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆట ఆడిన పిల్లలు ఇంటికి వెళ్ళి ప్రశ్నలు అడుగుతున్నారు. "అబ్బా, మన బోరు, పక్కింటి బోరు, సొసైటీ బోరు అన్నీ ఒకే పళ్ళెమా?" అని అడిగితే కొందరు తండ్రులకు కోపం వచ్చింది. మా దగ్గరికి వచ్చి "పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అన్నారు. మొన్నటి వేసవిలో సొసైటీ బోరు రెండు నెలలు వట్టిపోయి ట్యాంకర్ల ముందు మన ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు. ఆ రెండు నెలల్లోనే మన వీధుల్లో కొత్త బోర్లు ఎన్ని పడ్డాయో అందరికీ తెలుసు. మా జిల్లా రాతినేల. అనంతపురంలో ఏడాది వర్షపాతమే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో రాతి పగుళ్ళలోకి దిగేది పదోవంతు అటూ ఇటూ. ప్రశ్న పిల్లలది గాని, జవాబు మనది.

జవాబు చెప్పాలంటే ముందు కొలత వుండాలి. 2003 నుండి కొన్నేళ్ళపాటు మన రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాలలో రైతులే స్వయంగా భూగర్భజల యాజమాన్యం చేసుకునే పథకం ఒకటి నడిచింది. అక్షరం రాని రైతులు కూడా పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్టు వేసుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు చేయలేరా?

అందుచేత కువైట్ సోదరుల వారికి మా విన్నపం. కళ్ళజోడు వద్దనము. ఒకటి కొనండి, పెద్ద తరగతుల వారికి చాలు. ఇటువంటి వస్తువులు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం. గూగుల్ కంపెనీ వారు అట్టపెట్టెలో ఫోను పెట్టి చూసే చవక సాధనాన్ని 2014లో తెచ్చి, 2021లో అమ్మకం మానేశారు. బడుల కోసం వారు పెట్టిన యాత్రల కార్యక్రమం కూడా ఆ ఏడే మూతపడింది. మిగిలిన మూడింటి పైసలతో ఒక వర్షమాపకం, నీటిమట్టం కొలిచే మీటరు, పాఠశాల గోడ మీద అందరికీ కనబడేలా ఒక పెద్ద బోర్డు ఇప్పించండి. పదిహేను రోజులకొకసారి పిల్లలు సొసైటీ బోరు కొలిచి అంకె రాస్తారు. తమ బోర్లు కూడా కొలవనిచ్చే ఇళ్ళవారు పేర్లు ఇస్తే వాటినీ రాస్తాం. ఇంతవరకు మూడు ఇళ్ళవారు ఇచ్చారు. కొత్త బోరు వేసినవారిలో ఒక్కరూ ఇంకా ఇవ్వలేదు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు పాఠశాల వరండాలో పళ్ళేలు, గింజలు సిద్ధంగా వుంటాయి. పెద్దలను ఐదుగురు చొప్పున కూర్చోబెట్టి మా పిల్లలే ఆడిస్తారు. ఆడవారికి లోపలి గదిలో వేరుగా ఏర్పాటు. ఆట అయ్యాక పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, కోపగించుకోకుండా రావాలి. సెలవు.