పశువుల ఊపిరితిత్తుల అంటువ్యాధి – సున్నా రిపోర్టు విలువ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా చేరి, ఫైళ్ళ మధ్యనే పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా పశువుల అంటురోగం గురించి మాట్లాడమని కార్యవర్గం వారు అడిగితే ఒప్పుకున్నాను. కారణం ఒకటే. రోగాన్ని పట్టుకోవడంలో సూదికి ఎంత పని ఉన్నదో, రిజిస్టరుకూ అంత పని ఉన్నది.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతులకు గాలికుంటు తెలుసు, గొంతువాపు తెలుసు, జబ్బవాపు తెలుసు. పెద్దలకు ముసర వ్యాధి కూడా జ్ఞాపకమే. కాని ఆవులకు, ఎద్దులకు వచ్చే ఊపిరితిత్తుల అంటువ్యాధి పేరు చాలామంది వినలేదు. శాఖలో దీన్ని సి.బి.పి.పి. అనేవాళ్ళం. మైకోప్లాస్మా జాతి సూక్ష్మక్రిమి దీనికి కారణం. పారిస్‌లో నోకార్, రూ అనే శాస్త్రజ్ఞులు 1898లో ఈ క్రిమిని వేరుచేసి పెంచగలిగారు. రోగమున్న పశువు దగ్గితే, దగ్గరున్న పశువుకు గాలి ద్వారా అంటుతుంది. జ్వరం, దగ్గు, మేత మానడం, మెడ ముందుకు చాచి ముందుకాళ్ళు ఎడంగా పెట్టి ఆయాసపడడం దీని లక్షణాలు.

ఇందులో మోసం ఏమిటంటే, అంటిన తరువాత రోగం బయటపడడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. కొన్ని పశువులు కోలుకున్నట్టే కనబడతాయి. కాని ఊపిరితిత్తిలో గడ్డకట్టిన చోట క్రిమి బతికే ఉంటుంది. అంగడిలో పళ్ళు చూసి, నడక చూసి బేరమాడే రైతుకు ఆ గడ్డ ఎట్లా కనబడుతుంది? అందుకే ఈ వ్యాధిని కనిపెట్టడంలో కబేళా తనిఖీ చాలా ముఖ్యమని డాక్టర్లు చెబుతారు. కోసిన పశువు రొమ్ములో పసుపుపచ్చని నీరు, చలువరాతి చారల వంటి ఊపిరితిత్తి కనబడితే అనుమానించి, రక్తాన్ని, ముక్కను ప్రయోగశాలకు పంపుతారు.

మన దేశంలో ఈ వ్యాధి అస్సాం ప్రాంతంలో పాతుకుపోయి ఉండేది. 1990 తరువాత కనబడలేదు. కనబడలేదంటే లేనట్టేనా? ప్రపంచం అట్లా ఒప్పుకోదు, వెతికినట్టు రుజువు చూపమంటుంది. ముసర వ్యాధి నిర్మూలనకు 1992లో యూరోపు దేశాల సహాయంతో జాతీయ పథకం మొదలైంది. టీకాలు వేస్తున్నంత కాలం రోగం పోయిందా, దాగి ఉందా అన్నది తేలదు. కనుక టీకాలు ఆపి, వెతుకులాట పెట్టారు. ఊరూరా తిరగడం, పశువులు నడిచే దారులు, అంగళ్ళు చూడడం. ఆ వెతుకులాటలోనే ఊపిరితిత్తుల వ్యాధినీ చేర్చారు.

మన వైపు మాల్ అంగడి, దేవరకద్ర అంగడి, అమ్రాబాద్ గుట్టల్లో మేసే తూర్పు జాతి మందలు అందరికీ తెలిసినవే. పశువు నిలిచి ఉండేది కాదు, ఊర్లు దాటి పోయేది. కాబట్టి దగ్గే గొడ్డు ఉన్నదా, ఈ నెలలో ఎన్ని చచ్చినవి అని కాపరిని, పాలవాణ్ణి, కబేళా వాణ్ణి అడగాలి. ఆ జవాబులే కాగితమెక్కి ఆఫీసుకు చేరేవి. అన్నింటిలోనూ సున్నాయే. నా చేతిమీదుగా పోయిన ఏ నివేదికలోనూ ఈ వ్యాధి నమోదు కాలేదు.

అయితే మిత్రులారా, సున్నాలు రెండు రకాలు. ఊరు తిరిగి రాసిన సున్నా ఒకటి. కుర్చీలో కూర్చుండి రాసిన సున్నా ఇంకొకటి. ఒకచోటి నుండి నెల ముగియకముందే ఆ నెల సున్నా వచ్చేది! కాగితం మీద రెండూ ఒక్కటే. రోగానికి మాత్రం తేడా తెలుసు.

నిజంగా తిరిగినవాళ్ళ పుణ్యమా అని 1995లో తమిళనాడులో కనబడిన ముసర వ్యాధే దేశంలో చివరిదైంది. 2006లో ఆ వ్యాధి నుండి, 2007లో ఊపిరితిత్తుల వ్యాధి నుండి మన దేశం విముక్తమైనట్టు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2011లో ముసర వ్యాధి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. కాని ఊపిరితిత్తుల వ్యాధి అట్లా పోలేదు, ఆఫ్రికాలో ఇంకా ఉన్నది. బోట్స్వానా దేశంలో అర్ధశతాబ్దానికి పైగా లేని ఈ రోగం 1995లో సరిహద్దు దాటి వచ్చింది. దాన్ని ఆపడానికి సుమారు 3,20,000 పశువులను చంపవలసి వచ్చింది. వాటి వెనుక ఎన్ని కుటుంబాల బతుకు ఉన్నదో ఆలోచించండి.

మనలో చాలామందికి ఊర్లో ఇంకా గొడ్లున్నవి. కొత్తగా కొన్న పశువును కొన్నాళ్ళు వేరుగా కట్టేయమని పిల్లలకు చెప్పండి. దగ్గు, ఆయాసం తగ్గకుంటే సొంత వైద్యం చేయక డాక్టరుకు చూపించండి. మందుతో దగ్గు తగ్గినా క్రిమి మిగిలిపోవచ్చు. సంచార వైద్యశాలకు 1962 నంబరు ఉన్నది. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇట్లాంటి అంటురోగం అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత, పంచాయతీ బాధ్యత కూడా.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు నా మనవి ఒక్కటే. రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చినా, సున్నా రాసే ముందు ఊరు తిరగండి.