కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు మనం ఏమి అడిగాం?

(అనంతపురం ప్రాంత పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పశుపోషణ మీద మాట్లాడమన్నారు. ఈనిన ఆవుకు దాణా ఎంత పెట్టాలో నాకంటె మీకే బాగా తెలుసు. అందుకని వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. కొత్త ప్రభుత్వం గద్దె ఎక్కి ఇది చేస్తాం, అది చేస్తాం అన్నప్పుడల్లా మన సీమలో జనం ఏమనుకున్నారు, ఏమి అడిగారు, ఏమి అడగడం మరిచారు అన్నదే నా విషయం. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అనే జోలికి పోను. మన కేంద్రాల్లో అన్ని పార్టీలవారి పాలూ ఒకే క్యానులో పడతాయి గదా.

1983 జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన పార్టీ పెట్టి పది నెలలు కూడా నిండలేదు. ఎన్నికలప్పుడు ఊరూరా తిరిగి చెప్పిన మాట కిలో రెండు రూపాయల బియ్యం. ఆ ఏడే అది అమలులోకి వచ్చింది. మనిషికి నెలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు.

ఆ మాట మన పల్లెల్లో ఎట్లా వినపడిందో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. వరి అన్నం అంటే అప్పుడు పండగ అన్నం, చుట్టాల అన్నం. మామూలు రోజుల్లో రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. తెల్లవారకముందే లేచి రాగులు విసిరే ఆడవాళ్ళు ఈ పథకాన్ని దేవుడిచ్చిన వరమనే అనుకున్నారు. ఎసట్లో పోస్తే ఉడికే తిండి కార్డు మీద దొరకడం వాళ్ళకు కిలోకు మిగిలిన రూపాయి కంటె గొప్ప సంగతి. పట్నాల్లో చదువుకున్నవారు ఖజానా ఖాళీ అవుతుందన్నారు. కొందరు భూస్వాములు ఇక కూలీలు పనికి రారని గొణిగారు. రెండూ మన జిల్లా దాకా వచ్చిన మాటలే. ఉద్యోగులకు వేరే కోపం ఉండింది. పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించారు గనుక ఆఫీసుల్లో ఎవరి నోట విన్నా అదే గోడు.

ఆ మరుసటి ఏడు, 1984 జనవరిలో, వంశపారంపర్యపు కరణాల, మునసబుల వ్యవస్థను రద్దు చేశారు. చాలా ఊళ్ళలో జనం సంబరపడ్డారు. ఆ సంబరంలో ఒకరిద్దరు ముసలి రైతులు మాత్రం, "సరేనయ్యా, రేపు అడంగలు ఎవరు రాస్తారు? లెక్కల కట్ట ఎవరింట్లో ఉంటుంది?" అని అడిగారు. వాళ్ళను కరణం పక్షం మనుషులని వెక్కిరించారు. తర్వాత నకలు కాగితం కోసం కాళ్ళరిగేలా తిరిగిన ప్రతి రైతుకూ ఆ ప్రశ్న విలువ తెలిసివచ్చింది. రద్దు తప్పని నేననడం లేదు, పోవలసిందే పోయింది. ఆ ముసలివాళ్ళు అడిగినది సరైన ప్రశ్న అంటున్నాను.

మళ్ళీ బియ్యం సంగతికి వద్దాం. తినేవాడి పక్షాన జనం మాట్లాడారు, ఖజానా పక్షాన కొందరు మాట్లాడారు. గాడిపాటి దగ్గర కట్టేసిన పశువు పక్షాన మాట్లాడినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఏమిటి సంబంధం అంటారా? జొన్న, కొర్ర, సజ్జ మనకు గింజ ఇచ్చాయి, పశువుకు మేత ఇచ్చాయి. ఇంట్లో సంగటి తగ్గేకొద్దీ చేలో జొన్న తగ్గింది. ఆ నేల వేరుశనగకు పోయింది. బియ్యం ఒక్కటే కారణమంటే అన్యాయం. నూనెగింజలకు ధర పలికింది, బ్యాంకు అప్పు పంట పేరు మీద వచ్చింది, 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. అన్నీ ఒకే దిక్కుకు లాగాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే వేశాం.

వేరుశనగ కట్టె మంచి మేతే. జొన్న చొప్ప కంటె దానిలో మాంసకృత్తులు ఎక్కువ. అయితే అది పంట వచ్చిన ఏటి మాట. మన సీమకు సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఎప్పుడు పడుతుందో, ఎన్ని వారాలు మొగం చాటేస్తుందో చెప్పలేం. జొన్న గింజ పట్టకపోయినా మోకాటి ఎత్తు చొప్పయినా మిగులుతుంది. (ఎండకు కొట్టుకున్న లేత జొన్నను మేపితే నాము తగులుతుందని మీకు చెప్పనక్కరలేదు.) వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే కాయా లేదు, వామి వెయ్యడానికి కట్టే లేదు. అట్లాంటి ఏళ్ళలోనే గోరంట్ల సంతకు పాడి పశువులు తోలుకుపోయిన రోజులు మనం చూశాం. బియ్యం ధర రెండు నుంచి మూడున్నర అయింది, 1994లో మళ్ళీ రెండయింది, మళ్ళీ పెరిగింది, 2008లో రెండుకు దిగింది, 2011లో రూపాయి అయింది, ఇప్పుడు ఉచితం. ధర మారినప్పుడల్లా జనం మాట్లాడారు, పత్రికలు రాశాయి. చొప్ప మోపు ధర గురించి మాట్లాడవలసింది మనం. మనమే మాట్లాడలేదు.

ఇక కరెంటు. 2000లో చార్జీలు పెంచినప్పుడు రాష్ట్రమంతా ఆందోళన జరిగింది. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత వరసగా కరువు ఏళ్ళు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు అదే లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి, వేదిక మీదనే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. పాత బకాయిలు కూడా రద్దన్నారు. బిల్లు కట్టలేదని ఫ్యూజు పీక్కుపోతారేమోనని బెదిరి ఉన్న రైతుకు ఆ రోజు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేం. ఇష్టం లేనివారు ఇది నాలుగు నాళ్ళ ముచ్చట అన్నారు. ఆ మాట తప్పింది. ఇరవై ఏళ్ళు దాటినా ఉచిత విద్యుత్ నిలిచే ఉంది. "నీళ్ళు లేని బోరుకు కరెంటు ఎంత చవకైతే ఏమి?" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాట మాత్రం తప్పలేదు.

మన నేల కింద ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలల్లో మాదిరి నీరు పరుచుకుని ఉండదు, రాతి పగుళ్ళలో దాగి ఉంటుంది. ఒకడు రెండు వందల అడుగులు తవ్వితే పక్కవాడు నాలుగు వందలు తవ్వాలి. తిరుచెంగోడు రిగ్గు లారీలు ఊళ్ళలోకి వచ్చినన్ని సార్లు పశువుల డాక్టరు కూడా వచ్చి ఉండడు. పడని బోరుకు చేసిన అప్పును ఏ ఉచిత విద్యుత్తూ తీర్చదు. 2004లో మనం బిల్లు గురించి అడిగాం. ఎన్ని గంటలు, పగలా రాత్రా అన్నది గట్టిగా అడగలేదు. తర్వాత ఏడు గంటలు వచ్చింది. అది కూడా విడతలుగా, అర్ధరాత్రి. చీకట్లో మోటారు దగ్గరకు పోయి పాము కాటుకో, షాకుకో గురయినవారు ప్రతి మండలంలో ఉన్నారు. 2009 ఎన్నికల నాటికి గాని తొమ్మిది గంటల మాట మళ్ళీ వాగ్దానంగా రాలేదు. 2005లోనే ప్రభుత్వం కెపాసిటర్లు, మంచి ఫుట్‌వాల్వులు పెట్టుకోవాలని షరతులు పెట్టింది. వాటిని మనం అధికారుల వేధింపుగా తీసుకున్నాం. ఆ రోజు బోరు కింద పది సెంట్లు గడ్డి పెంచేవాడికి ఏమిటి మేలు అని ఎవరైనా అడిగి ఉంటే, ఆ షరతుల జాబితాలో మనకు పనికివచ్చేది కూడా ఒకటి చేరేదేమో. బోరున్న రైతు చీనీ పెట్టాడు, కొందరు వరి కూడా పెట్టారు. గడ్డికి మిగిలింది కాలువ గట్టు.

బోరు లేని మనిషి మాట కూడా చెప్పాలి. మన సంఘాల్లో పాలు పోసేవారిలో సెంటు భూమి లేనివారు ఉన్నారు. ఒక గేదె, గట్ల మీద కోసుకొచ్చిన గడ్డి మోపు, అంతే వాళ్ళ వ్యవసాయం. ఉచిత విద్యుత్ ఆమెకు నేరుగా అందేది కాదు. పక్కవాడి బోరు ఎండిందా, ఆమె గడ్డి మోపు కూడా ఎండింది.

పాల మాట నేరుగా వచ్చిన సందర్భం ఒకటుంది. 2019 ఎన్నికల ప్రణాళికలో, సహకార డెయిరీలకు పాలు పోసే ప్రతి రైతుకూ రెండో ఏడు నుంచి లీటరుకు 4 రూపాయల బోనస్ అన్నారు. మన కేంద్రాల దగ్గర రోజూ అదే ముచ్చట. ఎంత వెన్న శాతానికి, ఏ సంఘం పుస్తకం చూసి, ఎవరి ఖాతాలో అని రాతపూర్వకంగా అడిగిన సంఘం ఏదైనా ఉంటే చెప్పండి, ఆ అధ్యక్షునికి ఇక్కడే దండ వేస్తాం. 2020 జూలైలో అమూల్‌తో ఒప్పందం వచ్చింది, డిసెంబరులో పాలవెల్లువ వచ్చింది. కొందరు ధర చూసి సంతోషించారు, కొందరు సొంత యూనియన్ ఏమవుతుందని దిగులుపడ్డారు. అప్పటికి అడిగే వేళ దాటింది.

2024 జూన్ 12న వచ్చిన ప్రభుత్వం రైతుకు ఏడాదికి 20 వేలు అన్నది. కేంద్రం ఇచ్చే 6 వేలు అందులో కలుస్తాయా, వేరేనా అని రచ్చకట్టల మీద నెలల తరబడి వాదించుకున్నాం. కలిపే అని తేలింది, 2025 ఆగస్టులో మొదటి విడత పడింది. మంచిదే. ఆ డబ్బు భూమి లెక్క మీద వస్తుంది. కౌలుదారుకు గుర్తింపు కార్డు కావాలి. గేదె ఒక్కటే ఉన్న ఆ అక్క ఏ లెక్కలో రైతు? ఈ ప్రశ్న అడగవలసింది ఆమె ఒక్కతే కాదు, ఆమె పాలు కొలుచుకునే సంఘం కూడా.

అందుకని ఒక పని కోరుతున్నాను. ప్రతి సంఘమూ తన తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ వేరుగా పెట్టాలి. పాలు పోసేవారు ఎందరు, వారిలో భూమి లేనివారు ఎందరు, బోరు ఉన్నవారు ఎందరు, అందులో గడ్డి ఎన్ని సెంట్లు, ఎండాకాలంలో మేత కొన్న ఇళ్ళు ఎన్ని, మోపు ఏ ధరకు కొన్నారు, ఇంతే. కార్యదర్శి ఒక పూట కూర్చుంటే తేలే పని. పాలు పోసే పుస్తకం ఎట్లాగూ చేతిలోనే ఉంది. ఈ సంఖ్యలు మనకే తెలియకపోతే ఏ మంత్రిగారి ముందు నిలబడినా మన మాట జేజేలలో కలిసిపోతుంది, లేదా గొణుగుడులో. ఆ పేజీ నకలు వచ్చే నెల పాల బిల్లుతో పాటు యూనియన్‌కు పంపండి. ఆడవారు నడిపే సంఘాలు ముందు పంపుతాయని నాకు నమ్మకం.

వ్యాను వచ్చింది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సెలవు.