వదిన వేలిముద్ర
ఆర్మీలో హవల్దారుగా రిటైరైన నాకు ఈ రోజు శాలువా కప్పారు. సంతోషం.

మా ఊళ్లో ఒక వదిన సంగతి చెప్పాలి. ఆమె భర్త కూడా సైనికుడే, ఇప్పుడు లేరు. ఫ్యామిలీ పింఛను ఆగకుండా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నాట్లు వేసీ, కలుపు తీసీ వేలి గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద ముద్ర పడలేదు. మూడు నెలలు పింఛను రాలేదు. మొహమాటంతో ఆమె చెప్పలేదు, పక్క వీధిలోనే ఉన్న నేను అడగలేదు. ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. నా ఫోనులోనే పది నిమిషాల్లో అయిపోయింది.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి జెండా పెట్టుకుంటాం కదా, అంతకు ముందే, నవంబరులో, ఇలాంటి ఇళ్లకు వెళ్తున్నాను. బండి వెనక సీటు ఖాళీ. మన బ్యాచ్ వాళ్లెవరైనా వస్తారా?