తప్పటడుగుల నాటి చదువు

(కళాశాల విద్యార్థులను, ఉపాధ్యాయ శిక్షణార్థులను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



ఏడాది నిండిన బిడ్డ గోడ పట్టుకొని నిలబడుతుంది. చేయి వదలి ఒక అడుగు వేస్తుంది, కూలబడుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ అడుగును తెలుగువారు తప్పటడుగు అన్నారు. ఆ మాటలో తప్పు ఉన్నది కాని నింద లేదు. తప్పటడుగును చూసి ఇల్లంతా మురిసిపోతుంది. తప్పినందుకు మనిషి చప్పట్లు అందుకొనే కాలం జీవితంలో బహుశా అదొక్కటే. ఒకటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డ నేర్చుకొనేదంతా ఈ పద్ధతిలోనే నేర్చుకుంటుంది: చేసి, తప్పి, మళ్లీ చేసి.

ఈ చదువుకు పుస్తకం లేదు, పరీక్ష లేదు. దీనికి కావలసినవి రెండే. ఒకటి, ఆడుకొనడానికి అపాయం లేని చోటు. రెండు, ఆ ఆటను కనిపెట్టి చూస్తూ మాట కలిపే ఒక పెద్దదిక్కు. మొదటిది కొంతవరకు డబ్బుతో సమకూరుతుంది. రెండవది ఏ అంగడిలోనూ దొరకదు. అంతస్తుల మేడలో బొమ్మల రాశి నడుమ కూర్చున్న బిడ్డకూ, ఆ మేడను కడుతున్న కూలితల్లి ఇసుకకుప్ప మీద కూర్చోబెట్టిన బిడ్డకూ ఒక్కొక్కసారి కొరత పడేది ఈ రెండవదే.

కాలు, చేయి, మాట

నడక ఎప్పుడు రావాలన్న ప్రశ్న ప్రతి ఇంటా వినబడుతుంది. పక్కింటి బిడ్డ పదో నెలలోనే నడిచిందని, తన బిడ్డ పదమూడో నెల వచ్చినా గోడ వదలలేదని తల్లి దిగులుపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలోని ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ఫలితాలను ప్రకటించింది. మన దేశంలో ఆ అధ్యయనం ఢిల్లీలో జరిగినది. ఆసరా లేని నడక మొదలయ్యే కాలం ఇంచుమించు 8 నెలల నుంచి 18 నెలల దాకా విస్తరించి ఉన్నదని తేలినది. కనుక పదో నెల బిడ్డ గొప్పదీ కాదు, పదిహేనో నెల బిడ్డ వెనుకబడినదీ కాదు. అయితే 18 నెలలు దాటినా నడవకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా ‘అదే వస్తుందిలే’ అని ఊరుకోరాదు. వైద్యునికి చూపించవలసి ఉన్నది.

ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా బిడ్డకు పని అంటే వేయడం, తీయడం. వెదురుబుట్టలో నాలుగు ఉల్లిగడ్డలు వేసి ముందుంచితే అన్నిటినీ బయట పెట్టి, తిరిగి లోపల వేస్తుంది. పెద్దలకు అది విసుగు పుట్టించే ఆట. బిడ్డకు మాత్రం పట్టు, విడుపు, లోపల, బయట, నిండు, ఖాళీ అన్న ఆరు పాఠాలు. గిన్నెకు మూత పెట్టడం, బంతిని దొర్లించి దాని వెంట పోవడం, చీరకొంగు చాటున ముఖం దాచుకొని ‘బూ’ అనడం ఈ కాలపు ఆటలే. కంటికి కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉండే ఉంటుందన్న నమ్మకం ఆ కొంగు చాటు ఆటలో బలపడుతుంది.

ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా అనుకరణ కాలం. తల్లి చపాతీలు ఒత్తుతుంటే బిడ్డకూ చిన్న పిండిముద్ద కావాలి. అడ్డు చెప్పక ఇవ్వడమే మంచిది. పిండిని నొక్కి, లాగి, చుట్టిన వేళ్లే కొన్నేళ్ల తరువాత బలపం పట్టవలసిన వేళ్లు. చిన్న చెంబుతో నీళ్లు ఒక గిన్నెలో నుంచి మరొక గిన్నెలో పోయడం, ఇంటి గడప పట్టుకొని దాటడం, తాతగారి చెప్పులు తెచ్చి ఇవ్వడం కూడా పాఠాలే.

రెండేళ్లు దాటిన బిడ్డ గెంతుతుంది, మెట్లెక్కుతుంది, ఆకులనూ రంగులనూ వేరు చేస్తుంది, బొమ్మకు అన్నం తినిపిస్తుంది. ఇది కథలు చెప్పవలసిన కాలం. ఒకే కథను పదిసార్లు చెప్పమంటుంది. పదిసార్లూ చెప్పాలి. పదకొండోసారి తానే చెబుతుంది.

ఈ పనులన్నిటికీ మాట తోడు కావాలి. స్నానం చేయిస్తూ ‘ఇది మోచేయి, ఇది మోకాలు’ అనడం, బజారుకు పోతూ ‘అదిగో ఎడ్లబండి’ అనడం భాషా బోధనే. బిడ్డ ‘బువ్వ’ అంటే ‘బువ్వ కావాలా? వేడి బువ్వ పెట్టనా?’ అని ఆ మాటను పెంచి తిరిగి ఇవ్వాలి. ఇంట్లో రెండు భాషలుంటే బిడ్డ చెడిపోతుందన్న భయం నిరాధారం. అమ్మమ్మతో తెలుగు, నాన్నమ్మతో ఒరియా మాట్లాడే పిల్లలు ఈ దేశంలో కొల్లలు. ఎవరితో ఏ భాష పలకాలో వారికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చేతిఫోను ఈ పని చేయదు. అది మాట్లాడుతుంది కాని వినదు. ఏడాది పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని, అదీ ఎంత తక్కువైతే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది, రెండేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడాలని కూడా ఆ సంస్థే చెప్పింది. మూడు గంటల ఆట అంటే దుబారా కాదు, ఆ వయస్సుకు విధి.

ఒకే ఆటకు అనేక నామాలు

బిడ్డకు అన్నం తినిపిస్తూ చందమామను పిలవడం తెలుగునాట వాడుక. హిందీ ప్రాంతంలోనూ, బెంగాల్‌లోనూ, ఒడిశాలోనూ తల్లులు ఆ చంద్రుణ్ణే మామ అని పిలుస్తారు. తమిళ తల్లి ‘నిలా’ అని పిలుస్తుంది. భాష ఏదైనా జరిగే పని ఒక్కటే: బిడ్డ వేలెత్తి చూపుతుంది, తల్లి అటు చూస్తుంది, ఇద్దరి చూపులూ ఒక వస్తువు మీద కలుస్తాయి. మాట పుట్టడానికి ముందు జరగవలసినది ఈ చూపుల కలయికే.

ఆట వస్తువులలోనూ ఇటువంటి బంధుత్వం కనబడుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. కర్ణాటకలోని చన్నపట్టణంలో సంప్రదాయంగా బొమ్మలకు వాడే ‘ఆలె మర’ కూడా ఆ జాతి చెట్టే. మెత్తగా, నునుపుగా తిరిగే ఆ కర్ర మీద రెండు చోట్లా లక్క రంగులే పూస్తారు. ఏటికొప్పాకలో విత్తనాలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన సహజ వర్ణాల వాడకాన్ని పెంపొందించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ప్రతి వస్తువునూ నోట పెట్టుకొనే వయస్సు బిడ్డకు రంగు ఎటువంటిదన్నది కేవలం అందానికి సంబంధించిన ప్రశ్న కాదు.

సంప్రదాయమైనదంతా ఈ వయస్సుకు తగినదని అనుకోరాదు. కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి కర్ర ముక్కలను అతికించి చేసినది. కొలువులో నిలపడానికి శోభ, రెండేళ్ల బిడ్డ చేతికి అపాయం. లక్కపిడతలలోనూ మరీ చిన్నవి గొంతున పడగలవు. చింతపిక్కలు, గవ్వలు అక్కల ఆటకు సరే గాని చెల్లాయికి అందే చోట ఉండరాదు.

కనిపెట్టి చూడవలసిన చోట్లు

అపాయం అపరిచితమైన చోటు నుంచి అరుదుగా వస్తుంది. వంటింటి నుంచీ నీళ్లగది నుంచీ తరచుగా వస్తుంది. అరబకెట్టు నీళ్లలో తలకిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు, అరవనూ లేదు. వాడిన వెంటనే బకెట్టు బోర్లించడం ఏ ఖర్చూ లేని రక్షణ. వేడి పులుసు గిన్నెను నేల మీద దించరాదు. కిరసనాయిలు, పురుగుమందు, ఫినాయిలు తాగునీటి సీసాలలో పోసి ఉంచరాదు.

వేరుశనగ గింజలు, శనగలు, నాణేలు, గుండీలు, గడియారాలలో వాడే గుండీబిళ్లల వంటి బ్యాటరీలు మూడేళ్ల లోపు పిల్లలకు దూరంగా ఉండాలి. ఆ బ్యాటరీ మింగితే లోపల కండరాన్ని కాల్చివేస్తుంది; క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

బిడ్డ నెట్టుకుంటూ నడిచే మూడు చక్రాల కర్రబండి మన పల్లెలలో పాతకాలం నాటిది. తమిళులు దానిని ‘నడైవండి’ అంటారు. దానిని నెట్టే బిడ్డ తన బరువు తానే మోస్తుంది. పెద్దలు పక్కన ఉంటే మంచి సాధనం. బిడ్డను నడుమ కూర్చోబెట్టే చక్రాల వాకరు వేరు. అది నడకను త్వరపరచదు సరికదా, మెట్ల దగ్గరకూ పొయ్యి దగ్గరకూ బిడ్డను వేగంగా చేరవేస్తుంది. కెనడా దేశం దానిని 2004లో నిషేధించింది.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఉన్నది కనుక అక్కడ కొనేవారి కన్నే ప్రమాణం: అంచు గీసుకుంటుందా, ముక్క ఊడుతుందా, రంగు చేతికి అంటుతుందా అని మూడు సంగతులు చూసుకోవాలి.

అంగన్ అంటే ముంగిలి

హిందీలో అంగన్ అంటే ముంగిలి. వాడీ అంటే తోట. పిల్లలు పెరిగే ముంగిలి తోట అన్న ఈ మాట వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. గుజరాత్‌లో న్యాయవాద వృత్తిని వదలి వచ్చిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. పిల్లలు ఆయనను ‘మీసాల అమ్మ’ అనేవారట. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో పేదపిల్లల కోసం ప్రయోగం ప్రారంభించారు. అనుతాయి వాఘ్ ఆమెతో చేరారు. పిల్లలు బడికి రాకపోతే బడియే పిల్లల ముంగిటికి వెళ్లాలన్నది వారి మార్గం. ఖరీదైన ఉపకరణాలకు బదులు గవ్వలు, ఆకులు, గింజలు, మట్టి వాడారు.

తరువాత కోస్‌బాడ్ కొండ మీద వార్లీ గిరిజనుల నడుమ పనిచేస్తూ వారు ఒక సంగతి గ్రహించారు. ఎనిమిదేళ్ల అక్క బడికి రాకపోవడానికి కారణం ఆమె చంకలోని తమ్ముడు. తల్లి పనికి పోతే తమ్ముణ్ణి చూడవలసినది అక్కే. అందుచేత శిశుకేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో నడిపించారు. తమ్ముడికి ఆట దొరికితే అక్కకు చదువు దొరికింది.

1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, ఢిల్లీలోని ఒక నిర్మాణ స్థలంలో దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి, హిందీ రచయిత్రి మీరా మహాదేవన్ ఒక గుడారంలో శిశుకేంద్రం తెరిచారు. కూలీలు ఏ పనికి కదిలితే కేంద్రమూ అటే కదలాలన్న ఆ ఆలోచనే ‘మొబైల్ క్రెషెస్’ సంస్థ అయినది. ఇది తెలుగువారికి పరాయి కథ కాదు. ఆనకట్టలు, భవనాలు కట్టడానికి పాలమూరు కూలీలు దశాబ్దాలపాటు ఎన్నో రాష్ట్రాలకు తరలివెళ్లారు. వారి పిల్లలు తప్పటడుగులు వేసినది ఇటుకల మధ్య, ఇనుప ఊచల మధ్య. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి చట్టం నిర్దేశించింది. కాని చిన్న చిన్న పనులలో 50 మంది స్త్రీలు ఉండరు. బిడ్డ మాత్రం ఉంటుంది. గది ఉన్నచోట కూడా, అందులో చూసే మనిషి లేకపోతే అది గోదాము అవుతుంది.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నేడు దేశమంతటా సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలుగా విస్తరించింది. చాలకాలం మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ ముట్టినది ముఖ్యంగా ఆహారం, టీకా, తూకం. 2024లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ‘నవచేతన’ ప్రణాళిక ఆటనూ మాటనూ వాటి పక్కన చేర్చింది. పుట్టిన నాటి నుంచి 36 నెలల దాకా నెలవారీగా చేయించదగిన 140 కార్యకలాపాలు అందులో కలవు. అయితే ఒకే కార్యకర్త వంట చూసి, తూకం రాసి, రిజిస్టర్లు నింపి, ఇల్లిల్లూ తిరిగి ఈ ఆటలు నేర్పవలసి ఉన్నది. ఆమె చేతులకు మరి రెండు చేతులు తోడైతే తప్ప కాగితం మీది ఆట ముంగిటికి చేరదు.

ఆ రెండు చేతులు ఎవరివి అన్నదే ఈ సభకు మిగిలే ప్రశ్న. విద్యార్థులు తమ ఊరి అంగన్‌వాడీకి వారానికి ఒక పూట వెళ్లి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని ఒక కథ చెప్పవచ్చు. పాత గుడ్డలతో బంతులు కుట్టి ఇవ్వవచ్చు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, అన్న బిడ్డ చేతిలోని ఫోను తీసి పక్కన పెట్టి, ఆ చేతికి ఒక మూత, ఒక గిన్నె అందించి, పక్కన కూర్చోవచ్చు. గిన్నె చప్పుడు కొంత విసుగే. ఆ చప్పుడు వింటూ పక్కన కూర్చునే ఓపిక ఇంటికి ఒకరికైనా ఉంటే, ఆ ఇంటి తప్పటడుగులు తిన్నని నడక అవుతాయి.