కాలా మోతియాకు ఏ ఆపరేషను?



మనలో చాలామంది మోతియా అంతా ఒకటే అనుకుంటారు. సఫేద్ మోతియా అంటే శుక్లం. ఆపరేషనుతో చూపు వస్తుంది. కాలా మోతియా అంటే నీటికాసులు. పోయిన చూపు రాదు, మిగిలినది కాపాడేందుకే ఆపరేషను.

మందులకు, లేజరుకు కంటి ఒత్తిడి తగ్గకుంటే ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. 1968లో కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీలో కంటి లోపలి నీరు పైపొర కిందికి పోయేలా చిన్న దారి చేస్తారు. రెండోదానిలో సన్నని గొట్టం అమరుస్తారు. ఇదివరకే ఆపరేషను అయిన కళ్ళలో ఈ రెంటినీ అమెరికాలో పోల్చి చూశారు. 5 ఏళ్ళలో మొదటిది 100కి సుమారు 47, గొట్టం 30 విఫలమయ్యాయి. మొదటిసారి చేసే కంటికి మాత్రం డాక్టర్లు తరచు మొదటి పద్ధతినే ఎంచుకుంటారు.

ఏది చేయించుకున్నా, చూపు పెరగలేదని నిరాశపడి ఒత్తిడి పరీక్ష మానరాదు. ఇంట్లో ఈ జబ్బున్నవారు ముందే కళ్ళు చూపించుకోవాలని మా మనవి.