ఈసీఎం పోయిందన్నారు... డబ్బు కట్టే ముందు ఈ మూడు చూడండి

నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మా కోసిగి నుంచే వీడియోలు చేస్తున్నా. ఈరోజు మా చిన్నాయన లారీ గురించి మాట్లాడుకుందాం.

పోయిన పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్‌కు లోడుతో పోతుంటే బండి దారిలో ఆగిపోయింది. అరగంట చల్లబడ్డాక స్టార్ట్ అయింది. ఆ తర్వాత రోజూ ఇదే కథ. పొద్దున బాగుంటుంది, ఇంజిన్ వేడెక్కితే ఆగిపోతుంది. స్కానర్ పెడితే ఒకేసారి నాలుగు సెన్సార్ల కోడ్‌లు వచ్చాయి. ఒక వర్క్‌షాప్‌లో "ఈసీఎం పోయింది, కొత్తది వేయాల్సిందే" అన్నారు. ఆ రేటు చిన్నాయన ఐదు నెలల కంతుల కంటే ఎక్కువ. "బండి అమ్మేస్తా అబ్బీ" అన్నాడు.

అసలు ఈసీఎం ఏం చేస్తుంది? పాత లారీల్లో డీజిల్ ఎంత పోవాలో పంపులోని గవర్నరే చూసుకునేది. కామన్ రైల్ బండ్లలో ఆ లెక్క ఈ చిన్న కంప్యూటర్ చేస్తుంది. దేశమంతా బీఎస్-4 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. కాబట్టి ఈ సమస్య ఇక అందరిదీ.

మొదటిది, కరెంటు, ఎర్త్. ఇక్కడ నేనే తప్పు చేశా. మీటర్ పెట్టి 24 వోల్టులు చూసి "వైరింగ్ ఓకే" అనేశా. ఆదోనిలో ఒక పెద్దాయన, ఎలక్ట్రీషియన్, నవ్వి 21 వాట్ల ఇండికేటర్ బల్బు చేతికిచ్చాడు. లోడు లేకపోతే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 24 చూపిస్తుంది. బల్బు పెడితే నిజం తెలుస్తుంది. మా బల్బు మసకగా వెలిగింది. ఎర్త్ బోల్టు తుప్పు పట్టింది. శుభ్రం చేశాం. అయినా బండి ఆగింది!

రెండోది, సెన్సార్లకు పోయే 5 వోల్టులు. చాలా సెన్సార్లు ఈ ఒక్క లైను మీదే బతుకుతాయి. ఒకటి షార్ట్ అయితే అన్నీ తప్పు చెప్తాయి. అందుకే ఒక్కో కప్లర్ తీసుకుంటూ చూడాలి. ఏది తీస్తే 5 తిరిగొస్తుందో అదే దొంగ. మేం అన్నీ తీసినా రాలేదు.

మూడోది, ఈసీఎంను ఒంటరిగా చూడటం. బ్యాటరీ తీసేశాకే దాని కప్లర్ ఊడదీయాలి. టేబుల్ మీద పెట్టి 24 వోల్టులు ఇచ్చాం. ఇప్పుడు సెన్సార్లూ లేవు, వైరింగూ లేదు. చల్లగా ఉంటే 5 కరెక్ట్‌గా వస్తోంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే పడిపోతోంది. అప్పుడే నమ్మాం, తప్పు డబ్బాలోనే ఉందని.

బోర్డు రిపేర్ చేసే ఒకాయన తెరిచి లెన్స్‌తో చూశాడు. ఒక కాలు దగ్గర సోల్డర్ చుట్టూ సన్నని పగులు. వేడికి, అదురుకు ఇలా అవుతుంది. కొత్తగా సోల్డర్ పెట్టి, తేమ పోకుండా మళ్లీ సీల్ చేశాడు. ఇంకో లాభమేంటంటే, లోపలి డేటా అలాగే ఉంది. సెకండ్ హ్యాండ్ ఈసీఎం కొంటే బండి నంబరు, ఇంజెక్టర్ కోడ్‌లు మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది.

రెండు జాగ్రత్తలు. రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, ఇంజిన్ నడుస్తుండగా పైపు వదులు చేయొద్దు. బాడీకి వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ, ఈసీఎం కప్లర్లు తీసేయండి.

నాలుగు నెలలుగా బండి తిరుగుతోంది. జీవితాంతం గ్యారంటీ అని నేను చెప్పను. బోర్డు కాలిపోతే కొత్తదే దిక్కు. కానీ ఎవరైనా "ఈసీఎం పోయింది" అంటే "ఎలా తేల్చారన్నా?" అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్నే మా చిన్నాయన బండిని నిలబెట్టింది.