కొండమీది శివుడు, కట్టమీది తల్లి

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్. అటనుండి తూర్పుగా పోయినచో శామీర్‌పేట. ఇంకను ఆగ్నేయముగా సాగినచో కీసరగుట్ట. మాఘ బహుళ చతుర్దశినాడు ఈ ప్రాంతపు బాటలన్నియు గుట్టవైపే సాగును. ఉపవాసమున్న ముదుసలులు, పసిబిడ్డల నెత్తుకొన్న తల్లులు రామలింగేశ్వరుని దర్శనమునకై మెట్లెక్కుచుందురు.

రావణవధానంతరము శ్రీరాముడు ఇచట లింగప్రతిష్ఠ చేయనెంచి, కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెనట. ముహూర్తము మించిపోవుచుండగా శివుడే ప్రత్యక్షమై లింగము నొసగెనట. ఆలస్యముగా వచ్చిన మారుతి నొచ్చుకొని తాను తెచ్చిన లింగములను గుట్టపై విసరివేసెనట. నేడు అచట ఆరుబయట ఎండకు వానకు నిలిచియున్న లింగములు అవియేనని భక్తుల విశ్వాసము. కేసరి తనయుని పేర వెలసిన కేసరిగిరియే కీసర యైనదందురు.

పురాణమట్లుండ, చరిత్రయు ఈ గుట్టను మరువలేదు. విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడములు త్రవ్వకములలో బయల్పడినవి. ఒక బండపై ‘తొలచువాండ్రు’ అను మాట కలదు. రాతిని తొలచు పనివాండ్రని దాని యర్థము. శిలకెక్కిన మిక్కిలి ప్రాచీనములైన తెలుగు పదములలో నిది యొకటి.

ఈ యాలయమున శివుడు ఒంటరివాడు కాడు. భవానియు శివదుర్గయు ఆయనతోపాటు పూజలందుకొందురు. గుట్ట దిగి శామీర్‌పేట చెరువునకు వచ్చినచో అచట మరియొక తల్లి కలదు. ఆమె కట్టమైసమ్మ. ఆమె సన్నిధి చెరువుగట్టు.

ఇరువురి పూజలు వేరు. శివునకు మారేడుదళము, అభిషేకము, ఉపవాసము, జాగరణము. తల్లికి వేపమండలు, పసుపుకుంకుమలు, క్రొత్తకుండలో వండిన బోనము, కల్లుసాక. ఒకచోట పస్తుండుట వ్రతము. మరియొకచోట వండి నివేదించి పదిమందితో కలసి కుడుచుట వ్రతము. ఒకటి పెద్దల మతమనియు, వేరొకటి పామరుల మతమనియు కొందరు విడదీయుదురు. కాని ఆషాఢమున తలపై బోనమెత్తిన ఇల్లాలే మాఘమున శివరాత్రి జాగరణము చేయును. ఆమెకు ఈ భేదము తోచదు.

ఏల తోచవలెను? శివుని శిరస్సుపై పోయునది నీరు. బోనపుకుండలోని అన్నమునకు మూలము నీరు. కట్ట తెగినచో పొలము పోవును, పంట పోవును. కావుననే గ్రామమునకు ప్రాణాధారమైన తావున పెద్దలు తల్లిని నిలిపిరి. గట్టుపై తల్లి యున్నదన్న భయభక్తులు గట్టునకు కావలి కాచినవి.

నేడు నగరము పెరిగి పెరిగి ఈ పల్లెలను చేరినది. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి వేరు జిల్లా యైనది. ఆలయములకు జనము పెరుగుచున్నారు; అది సంతోషమే. కాని చెరువులోనికి మురుగును వదలి, శిఖమును మట్టితో పూడ్చి, గట్టుపైని తల్లికి మ్రొక్కినంత మాత్రమున ఫలమేమి? చెరువు లేని నాడు కట్టమైసమ్మ పేరులోని ‘కట్ట’కు అర్థముండదు. నీటిని కాపాడుటయే ఆ తల్లికి మనము చేయవలసిన తొలిపూజ. మిగిలిన పూజలన్నియు దాని తరువాతనే.